అశ్రువును రసమును: రేనాటి శ్రోతలను గూర్చిన విమర్శనము

నాటకశాలలోఁ గాని, కథాగానము జరుగు రచ్చకడఁ గాని కన్నీరు గార్చు శ్రోతను మనము సహృదయుఁ డందుమా, మెత్తనిగుండెవాఁ డని విడిచిపెట్టుదుమా యను ప్రశ్నము పైకిఁ జిన్నదిగాఁ గనఁబడును. కాని యలంకారశాస్త్రమును బాఠశాలలలో బోధించువారికి దీనినుండి తప్పించుకొన వీలులేదు. కరుణమునకు స్థాయి శోకమనియు, అశ్రుపాతము దాని యనుభావమనియు విద్యార్థిచే వల్లె వేయింతుము. ఆ విద్యార్థియే తిరునాళ్లలో హరిశ్చంద్రనాటకముఁ జూచి యేడ్చి వచ్చి, 'అయ్యా, ఆ యనుభావము పాత్రదా, నాదా?' యని మఱునాఁ డడిగినచో మనలో ననేకులు తడఁబడుదురు. పాత్రది యన్నచో వాని కన్ను లేల తడిసినవి? వానిది యన్నచో వాఁడు పొందినది రసమా, శోకమా?

ఈ ప్రశ్నమునకు లక్షణగ్రంథములలోఁ దగిన సమాధానము లేకపోలేదు. ఐనను ఆ సమాధానము సగము దూరము వచ్చి యాగినదని నా యభిప్రాయము. కన్నీ రెందులకు వచ్చునో పూర్వులు చెప్పిరి. కావ్యములో నే తావున వచ్చునో యంతగాఁ బరీక్షింపలేదు. నేను జూచినంతవఱకుఁ బాత్ర విరివిగా నేడ్చినచోట శ్రోత వినుచుండును. పాత్ర యేడ్వవలసియు నేడ్వక నిలిచినచోట శ్రోత యేడ్చును. దీనికి సాక్ష్యములను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందుఁ బాడఁబడు కథలనుండియు, ఆ ప్రాంతముతో సంబంధముగల కావ్యములనుండియు నెక్కువగాఁ దీసికొందును.

ఈ రెండుపట్టణములును 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన నంద్యాల ప్రత్యేకజిల్లా యగువఱకుఁ గర్నూలుజిల్లాలోనివి. కుందూనది పాఱు నీ సీమకు రేనాడని ప్రాఁతపేరు. సాహిత్యమున కిది పరాయినేల కాదు. ఆళ్లగడ్డకు సమీపముననున్న యహోబలక్షేత్రపుఁ గథను ఎఱ్ఱాప్రెగడ నృసింహపురాణముగాఁ దెలిఁగించెను. అల్లసాని పెద్దన మనుచరిత్రమున గురువుగా స్తుతించిన శఠకోపయతి యహోబలమఠమువాఁడని సంప్రదాయము. పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజున కంకిత మిచ్చెను. పండితులకుఁ దెలిసిన యీ మూఁడు సంబంధములకు నాల్గవదియుఁ గలదు. దానిని మన సాహిత్యచరిత్రలు వెనుకనుంచినవి. అది బిచ్చపుగాయకుల పాట. దానిఁగూర్చి చివరఁ జెప్పెదను.

మొదట లక్షణకర్తల మాట చూతము. భరతుఁ డెనిమిది సాత్త్వికభావములలో నశ్రువును జేర్చి, యది యానందమువలనను, అమర్షమువలనను, పొగవలనను, కాటుకవలనను, ఆవులింతవలనను, భయశోకములవలనను, ఱెప్ప వేయక చూచుటవలనను, చలివలనను, రోగమువలనను బుట్టునని చెప్పినాఁడు. ఈ పట్టికలోఁ బొగయుఁ గాటుకయు నుండుటఁ జూచి నవ్వుకొను విద్యార్థులు గలరు. నవ్వవలసినది లేదు. కన్నీరు శోకమున కొక్కదానికే చిహ్నము కాదని దానివలన నాచార్యుఁడు స్పష్టముగాఁ దెలిపినాఁడు. ఆనందమును మొదటనే యుంచినాఁడు. ఆయనయే ప్రేక్షకలక్షణముఁ జెప్పుచు, సంతోషమునందు సంతోషించి, శోకమునందు శోకించి, క్రోధమునందుఁ గ్రుద్ధుఁడై, భయమునందు భయపడువాఁడే ప్రేక్షకుఁ డనెను. ఇది స్థూలముగా సత్యము. కాని దీని నక్షరశః పట్టుకొన్నచోఁ బాత్ర యెంత యేడ్చిన బ్రేక్షకుఁడు నంత యేడ్వవలయును. అనుభవమున నట్లు జరుగుట లేదు.

విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున నీ చర్చను ముందునకుఁ దెచ్చెను. కరుణము దుఃఖమే యైనచో దానియందెవ్వఁడును బ్రవర్తింపఁడనియు, రామాయణాదులు దుఃఖహేతువు లగుననియుఁ జెప్పి, మఱి యశ్రుపాతమో యన్న శంకకు, అది చిత్తము ద్రవించుటవలనఁ గలుగునదియే కాని దుఃఖమువలనఁ గలుగునది కాదని సమాధానించెను. ఇందుకు విరుద్ధమతమును గలదు. పండ్రెండవ శతాబ్దినాఁటి రామచంద్రగుణచంద్రులు నాట్యదర్పణమున రసము లన్నియు సుఖాత్మకములు కావనియు, కరుణాదులు దుఃఖాత్మకములే యనియు వాదించిరి. శాస్త్రమున విశ్వనాథుని పక్షమే గెలిచినది. గెలువవలసినదియు నదియే యని చెప్పుటకుఁ దెలుఁగునాటకరంగమున నొక సాక్ష్యము గలదు. అది విశ్వనాథునకు లభింపలేదు. మన పద్యనాటకశాలలలోఁ గన్నులు దుడుచుకొనుచునే ప్రేక్షకులు 'వన్సుమోరు' అని కేక వేయుదురు. నటుఁడు శవముకడనుండి లేచి యా పద్యమునే మరలఁ బాడును. ఔచిత్యదృష్టితోఁ జూచిన నిది ఘోరము. రసచర్చకు మాత్ర మింతకంటె బలమైన ప్రమాణము దొరకదు. దుఃఖమును రెండవమాఱు కోరి యడుగువాఁ డెవ్వఁడు?

ఈ కేకలను, వానికి లొంగి సాగఁదీయు రాగములను బళ్లారి రాఘవ (1880–1946) మెచ్చలేదు. రాగాలాపనమును దగ్గించి సహజాభినయమునకు బ్రాధాన్య మిచ్చిన యా మహానటుఁడు తాడిపత్రిలో జన్మించినవాఁడు. ఆయన మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) విషాదసారంగధరను రచించి, శోకాంతనాటకమును దెలుఁగు ప్రేక్షకుఁడు భరింపఁగలఁడని బళ్లారినుండియే నిరూపించెను. మంగళాంతముగానిది నాటకము గాదను పండితుల యాక్షేపణ ప్రేక్షకుల యెదుట నిలువలేదు. రాయలసీమలోఁ గన్నీటికి రంగస్థలమునఁ జోటు కల్పించినవా రీ మేనమామయు మేనల్లుఁడును అనినఁ దప్పులేదు.

ఇఁక హరిశ్చంద్రకథ. గౌరన ద్విపదగా వ్రాసినది మొదలు 1912 ప్రాంతమున బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన సత్యహరిశ్చంద్రీయమువఱకు దీనికిఁ దెలుఁగున దీర్ఘచరిత్ర యున్నది. ఊరూరఁ బ్రదర్శింపఁబడినది బలిజేపల్లివారి నాటకమే. కాటిసీను లేక యా రాత్రి తెల్లవాఱదు. ఆ సీనులోఁ బ్రేక్షకుల కన్నీరు మొదట నెక్కడ వచ్చునో జాగ్రత్తగాఁ జూడవలయును. పాముకాటున మడసిన లోహితాస్యుని యొడిలో నుంచుకొని చంద్రమతి విలపించును. పద్యములు దీర్ఘములు, రాగములు కరుణములు. ప్రేక్షకులు నిశ్శబ్దముగా విందురు. స్త్రీలలోఁ గొందఱు కంటఁ దడి పెట్టుదురు. సభ యంతయుఁ గరఁగునది మాత్ర మప్పుడు కాదు. మంగళసూత్రముఁ జూచి భార్యను, ఆమె యొడిలోని కొడుకును గుర్తుపట్టినపిమ్మటఁ గూడ వీరబాహుని సేవకుఁడైన హరిశ్చంద్రుఁడు కాటిసుంకము విడువలేనని చెప్పుచోటఁ గరఁగును. ఆ మాటలో విలాపము లేదు. శోకము నణఁచి పలికిన కొద్దిపాటి మాట. ఏడ్చుటకు సర్వాధికారము గలవాఁడు, తండ్రి, యా యధికారమును వాడుకొనకుండుటఁ జూచి వాని పక్షమున మన మేడ్తుము. వాని కన్నీరు మన కన్నులకు వచ్చినదన్నచో నతిశయోక్తి కాదు.

ఇందుకుఁ దోడుగా మఱియొక సంగతి. ఆ కాటిసీనులో నటులు గుఱ్ఱము జాషువ (1895–1971) శ్మశానఖండికలోని పద్యములఁ జేర్చి పాడు నాచారము చిరకాలముగా నున్నది. ఆ పద్యములు హరిశ్చంద్రునిఁ గూర్చినవి కావు; ఎవ్వరి యేడ్పును వానిలో లేదు. కవియు రాజును బసిబిడ్డయు నొక్క నేలలోఁ గలిసిపోవుటను గూర్చిన చింతన మవి. నాటకకర్త వ్రాసిన విలాపముకంటె, నాటకమునకు బయటివైన యీ పద్యములే పెక్కుచోట్లఁ బ్రేక్షకుల నెక్కువగాఁ గదలించినవి. నాటకసంహితకుఁ గలిగిన యీ ప్రక్షేపమును నిందించు విమర్శకులు గలరు. నటుఁడు పండితునికంటె ముందుగాఁ బ్రేక్షకుల కంటి నెఱిఁగినవాఁడని నేననుకొందును.

ఇప్పుడు ప్రబంధములకు వత్తము. మన సాహిత్యమున నేడ్పునకుఁ బేరొందిన పద్యములు మూఁడు. మనుచరిత్రమున వరూధిని యేడ్చును; నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ యేడ్చును; భట్టుమూర్తి వసుచరిత్రమున గిరిక యేడ్చును. ఈ మూఁ డేడ్పులను బోల్చి, ముగ్గురు కవులు నేడ్చిన తీరునకు మూఁడువిధములగు పేరులు పెట్టిన చమత్కారకథ పండితలోకమునఁ బ్రసిద్ధము. దానిఁ దెనాలి రామకృష్ణునకుఁ గొందఱును, వేఱొకరికిఁ గొందఱును గట్టిపెట్టుదురు. కర్త యెవ్వఁడైనను నా కథలోని గుట్టు నెవ్వరును విప్పలేదు. ఈ మూఁడు పద్యములలో దేనినైనను జదివి యేడ్చినవాఁ డున్నాఁడా? లేఁడు. వరూధిని యేడ్పులోని ధ్వనిసౌభాగ్యమును మెచ్చుకొందుము. సత్య యేడ్పులోని కోమలత్వమునకు ముగ్ధులమగుదుము. గిరిక యేడ్పులోని రాగము వెంటఁ బోవుదుము. కన్ను మాత్రము పొడిగానే యుండును. ఇది కవుల లోపము కాదు. వారికిఁ గావలసినది శృంగారము, ఏడ్పు దానికి నగ. కాని 'కరుణమున కుదాహరణ మి'మ్మనఁగానే యీ పద్యములఁ జదివించు పాఠశాలాచారము మాత్రము మానవలసినదే. విద్యార్థికిఁ గన్నీటిబొమ్మను జూపి, యిదియే కన్నీరని చెప్పుట యది.

నంద్యాలప్రభువు నంకితమందిన సూరన యీ దారిని బోలేదు. ఆయన ప్రభావతీప్రద్యుమ్నమునకు మూలమైన కథ హరివంశమున విష్ణుపర్వములో నున్నది. ప్రద్యుమ్నాదులు నటవేషములతో వజ్రనాభుని పురముఁ జొచ్చి దానవులయెదుట నాటకము లాడుదురు. అక్కడి రామాయణప్రదర్శనమును జూచినవారిలో రాముని కాలమునఁ గూడ బ్రదికియున్న వృద్ధదానవు లుందురు; వారు పాత్రల రూపసామ్యమునకు వెఱఁగుపడుదురు. తక్కినవారు వస్త్రములు, భూషణములు విప్పి యిత్తురు. కన్నులారఁ జూచినవానికిఁ బ్రదర్శనము పోలికగాఁ దోఁచి యాశ్చర్యము గలిగించినది, చూడనివానికిఁ బ్రత్యక్షమైనది. ఈ భేదమును మనస్సునం దుంచుకొనవలసినదిగాఁ జదువరులను గోరెదను. ముందు దీనితోఁ బని యున్నది.

ప్రదర్శనముఁ జూచి కన్నీరు పెట్టిన తొలిశ్రోతలు మన వాఙ్మయమున మునులు. బాలకాండమునఁ గుశలవులు గానము చేయఁగా మునుల కన్నులు బాష్పములతో నిండినవి; వారు 'సాధు సాధు' అనిరి; ఎన్నఁడో జరిగినది యెదుట జరుగుచున్నట్లున్నదని మెచ్చి, యొకఁడు కలశమును, ఒకఁడు వల్కలమును బిల్లల కిచ్చెను. ఏడ్చిన నోటనే మెచ్చుకోలు వచ్చుట గమనింపఁదగినది. అంతకంటె ముఖ్యమైనది, పాడిన బాలకు లేడ్వకుండుట. తామెవ్వరి కొడుకులో యెఱుఁగక, తల్లి కథను దంత్రీలయసమన్వితముగా, స్వరము తప్పక పాడుచున్నారు. ఆ యెఱుఁగమియే మునులను, తరువాతి యన్ని తరముల శ్రోతలను గరఁగించినది. 1963లో వచ్చిన లవకుశ చలనచిత్రమునకు బండ్లు గట్టుకొని పోయినవారు గలరు. అందుఁ బ్రేక్షకుల నేడ్పించినది యడవిలో సీత పడిన పాటులకంటె నా పిల్లలు రామునియెదుట నిలిచి పాడిన గానమే యని నా తలంపు.

నా మతమునకు భవభూతి యడ్డు వచ్చునని పండితు లనవచ్చును. ఉత్తరరామచరితమున రాముఁడు లెక్కకు మిక్కిలిగా నేడ్చును, మూర్ఛిల్లును. జనస్థానమున ఱాళ్లు సైత మేడ్చినవని లక్ష్మణుఁడు చెప్పుమాట లోకోక్తియే యైనది. ఐనను దృశ్యమును విడఁదీసి చూచినచో నడ్డు తొలఁగును. మొదటి యంకమున సీతారాములు చిత్రపటములఁ జూచుచుందురు. తమ పూర్వదుఃఖమును బొమ్మలోఁ జూచి సీత వియోగమును దలఁచి భయపడఁగా, నది చిత్రమే కదా యని రాముఁ డూఱడించును. కళను జూచి కన్నీరు పెట్టుటకు సంస్కృతమున నింతకంటె సొగసైన యుదాహరణము లేదు. అభిజ్ఞానశాకుంతలపు టాఱవ యంకమున దుష్యంతుఁడు తాను వ్రాసిన చిత్రమునఁ గూడఁ బ్రియను జూడనీక బాష్ప మడ్డగించినదని వగచుట దీని కగ్రజము. పిమ్మట సీత రాముని చేయి తలగడగా నిద్రించును. దుర్ముఖుఁడు వచ్చి యపవాదమును జెప్పును. రాముఁ డేడ్చును, సందేహము లేదు. కాని మనము చూచుచున్నది రాముని గాదు. ఏమియు నెఱుఁగక నిద్రించుచున్న సీతను. ఏడ్వవలసినది యామె, ఆమె మేల్కొననే లేదు. మూఁడవ యంకమున మూర్ఛలన్నియుఁ గలిసి యీ నిద్రకు సాటిరావని నా కెప్పుడును దోఁచును.

ఱాళ్లమాట వచ్చినది గనుక నాళ్లగడ్డ శిల్పులఁ గూర్చి యొక్కమాట. ఆళ్లగడ్డ శిలాశిల్పము భౌగోళికసూచిక గుర్తింపు పొందినది. దేవతావిగ్రహములును, నాయకుల ప్రతిమలును నక్కడఁ జెక్కఁబడి దూరప్రాంతములకుఁ బోవును. శిల్పి యెంత చెక్కినను నేత్రోన్మీలనము జరుగువఱకు నది పూజకు ఱాయియే. ఆ పిమ్మట నా కన్నుల యెదుట భక్తుఁడు కన్నీరు గార్చును. విగ్రహపుఁ గన్ను మాత్రము చెమర్చదు. శిల్పశాస్త్రము దానికిఁ బ్రసన్నతనే విధించినది. ఏడ్చు విగ్రహమును జెక్కి పెట్టినచో దానియెదుట నెవ్వఁ డేడ్చును?

అహోబలమునఁ జెప్పుకొను ప్రహ్లాదుని కథయు నిట్టిదే. ఏనుఁగులచేఁ ద్రొక్కించినను, పాములచేఁ గఱపించినను, కొండలనుండి త్రోయించినను నా బాలుఁ డేడ్వలేదు. భాగవతమునఁ బోతన వర్ణించిన ప్రహ్లాదుఁ డేడ్వని వాఁడు కాఁడు. హరిని దలఁచి యొకమా ఱేడ్చును, ఒకమాఱు నవ్వును, ఒకమాఱు పాడును. తండ్రి పెట్టు బాధకు మాత్రము కంటఁ దడిలేదు. ఆనందమును భరతుఁ డశ్రుహేతువులలో మొదట నేల యుంచెనో యిచ్చటఁ దెలియును. ధర్మవరము రామకృష్ణమాచార్యుల ప్రహ్లాదనాటకమే 1932లో వచ్చిన మొదటి తెలుఁగు మాటాడు చిత్రమునకు నాధారము. తెలుఁగు చిత్రము తెరమీఁద మొట్టమొదట మాటాడినది యేడ్వని పసివాని కథలో. అది యాదృచ్ఛికమే, ఐనను ముచ్చటగా నున్నది.

ఇఁక నే నాఱంభమునఁ జెప్పిన నాల్గవ సంబంధము. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లోఁ గుంఫిణీ ప్రభుత్వమునకు ఎదురు తిరిగి కోవెలకుంట్ల ఖజానాను గొట్టెను. ఆ యేఁడే పట్టువడెను. 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీనఁ గోవెలకుంట్లలో నురిదీయఁబడెను. ప్రభుత్వమువా రంతటితోఁ దృప్తి నొందక యాతని శిరస్సును 1877వఱకుఁ గోటగోడకు వ్రేలఁగట్టి యుంచిరి. ఆతని కథను బిచ్చపుగాయకులు పాడిరి, స్త్రీలు పాడుకొనిరి. ఆ పాటలను, ఉయ్యాలవాడవాఁడే యైన బుడ్డా వెంగళరెడ్డి కఱవులో నన్నము పెట్టిన కథను తంగిరాల వెంకటసుబ్బారావుగారు రేనాటి సూర్యచంద్రులు అను పేరఁ బరిశోధించిరి. 2019లో నీ కథ చలనచిత్రముగా వచ్చి యీ సీమ దాఁటి వినఁబడినది. పాట మాత్రము దానికిఁ జాల ముందుది.

ఈ పాట విని రేనాటివాఁడు కన్నీరు పెట్టుట రసమా, లోకశోకమా? ఇచ్చట శాస్త్రము కఠినముగా నున్నది. అభినవగుప్తుఁడు రసవిఘ్నములను లెక్కించుచు, శ్రోత కథను తనదిగాఁ గాని పరునిదిగాఁ గాని, ఫలానా దేశకాలములకుఁ గట్టుపడినదిగాఁ గాని తలఁచుట విఘ్నమనెను. నరసింహారెడ్డి మా యూరివాఁడు, మా తాతలు చూచినవాఁడు, అని యేడ్చువాఁ డీ లెక్కనఁ బ్రేక్షకుఁడే కాఁడు. ప్రాచీనగ్రీకుల చరిత్ర యొక టిందుకుఁ దోడుగాఁ గలదు. మిలేటసుపట్టణము పారసీకులచేఁ బడిన కొలఁది కాలమునకే ఫ్రినికసు అను కవి యా విషయమును నాటకముగా నాడింపఁగా, ఏథెన్సు ప్రేక్షకులు భోరున నేడ్చిరి; తమ సొంతకష్టమును గుర్తుచేసినందుకుఁ బౌరులాతనికి వేయి ద్రాఖ్మాల దండనము విధించి, యా నాటకము నిఁక నెవ్వరు నాడఁగూడదని శాసించిరని హెరొడోటసు వ్రాసినాఁడు. ఆ యేడ్పు రసము కాదని తామే యెఱిఁగి దండించినట్లున్నది. అక్కడ 'వన్సుమోరు' వినఁబడలేదు, నిషేధము వినఁబడినది.

రేనాట నట్లేల జరుగలేదు? 1847 మొదలు 1877వఱకు ముప్పదియేండ్లు కోవెలకుంట్లకుఁ బోవు ప్రతివాని కంటికి నా శిరస్సు కనఁబడుచునే యుండెను. ఆ దినములలో నీ కథ యెవ్వరి నోటనైన వచ్చినచో నది విన్నవారికి మిలేటసుకథ విన్న యేథెన్సువారికంటె దూర మెక్కువ గలదని చెప్పలేము. ఐనను బాట చావలేదు. తరతరములకు మరల మరలఁ బాడించుకొన్నది. కాలము గడచుట యొక కారణ మగుఁ గాక. కాని కాలమొక్కటియే చాలినచోఁ బ్రాఁతదుఃఖము లన్నియుఁ బాట లగును, కాలేదు. అసలు కారణము పాట కట్టినవాఁడు చేసిన యెన్నికలో నున్నది. ఆ పాట పల్లవి శోకపల్లవి కాదు. పేరుపెట్టి పిలిచి వీరుని మెచ్చుకొను పల్లవి. ఏడ్చుటకు వలసినదంతయుఁ గథలోఁ దెచ్చి పెట్టి, పల్లవివద్దకు వచ్చునప్పటికి గాయకుఁడు మెచ్చుకొనును. ప్రతి చరణము చివరను శ్రోత యేడ్వఁబోవును. పల్లవి వానిని నిలువఁబట్టును. హరిశ్చంద్రుని నోటి కాటిసుంకపు మాట యేపని చేయునో యీ పల్లవి యాపనియే చేయుచున్నది. దేశకాలములు తొలఁగింపఁబడలేదు, ఊరిపేరును, మనిషిపేరును బిగ్గఱగాఁ జెప్పఁబడినవి. సాధారణీకరణము పేరులను మాపుటవలనఁ గాక, పేరుమీఁదనే శోకమును నిలిపి మెప్పుగా మార్చుటవలన జరిగినది. అభినవగుప్తుని విఘ్నముల పట్టికకుఁ బాటకట్టు వారి సమాధానముగా దీనిని జెప్పవచ్చును. వృద్ధదానవులవలె నాశ్చర్యముతో నాగిపోక, యేథెన్సువారివలె నిషేధింపక, రేనాటివారు తమ శోకమును మరలమరల వినఁగల్గిరి.

ఇది వీరరసము గదా, కరుణ మెక్కడిదని యడుగవచ్చును. ఉత్సాహము స్థాయిగాఁ గలచోట నశ్రువు వ్యభిచరింపరాదని యే లక్షణగ్రంథమునను లేదు; అమర్షమును భరతుఁ డశ్రుహేతువుగాఁ జెప్పియే యున్నాఁడు. రస మేదని నిర్ణయించుటకుఁ గన్నీ రొక్కటియే గుర్తు గాదని యొప్పుకొన్నచోఁ జిక్కు విడిపోవును. వెంగళరెడ్డి పాటలో యుద్ధము లేదు, ఉరి లేదు. ఆఁకలిగొన్నవానికిఁ గూడు పెట్టుట మాత్రమే. అందును శ్రోతల కన్నులు తడియును. దానిని దానవీరమని వర్గీకరించి మన మూరకుండవచ్చును. ఆ వర్గీకరణము కన్నీటికిఁ గారణముఁ జెప్పదు.

ఈ విషయమున మన పరిశోధకులు చేయఁదగిన పని యొకటి మిగిలియున్నది. గేయముల సేకరించువారు పాఠాంతరములను, తాళములను, గాయకుల ప్రాంతములను వ్రాసికొందురు. శ్రోతలు కన్ను దుడుచుకొన్న చరణ మేదో, గాయకుని గొంతు తగ్గిన తావేదో వ్రాసికొనుట యలవాటు కాలేదు. అది సాహిత్యమునకు వెలుపలిదని భ్రమ. కాటిసీనులో నా తావును నటుఁ డెఱుఁగును. పాటలో గాయకుఁ డెఱుఁగును. పాఠమును సంస్కరించు పండితుఁ డొక్కఁడే యెఱుఁగఁడు. నరసింహారెడ్డి పాటను గోవెలకుంట్లయందుఁ బాడించి యొకమాఱును, ఆ కోటగోడ నెన్నఁడును జూడని దూరపు గ్రామములందుఁ బాడించి యొకమాఱును గుర్తించుకొన్నచో, నా తావు రెండుచోట్ల నొక్కటియే యగునో, ఉరికంబముకడకు జరుగునో, పల్లవికడనే నిలుచునో తెలియును.